మొదటి కుండ

తెల్లవారి నేల మీద మొదటి అడుగు పెట్టడమంటే నిర్మలమ్మకు భయం. రాత్రంతా అణగిమణగి ఉన్న నొప్పి ఆ అడుగు కోసమే కాచుకొని కూర్చున్నట్టు మడమలో మేకు దిగగొట్టేది. మంచపు కోడు పట్టుకొని, గోడ పట్టుకొని, తలుపు రెక్క పట్టుకొని స్నానాల గది చేరేసరికి మడమ కాస్త మెత్తబడేది. అప్పుడు మోకాళ్ళు అందుకునేవి. ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కడానికి నా కాళ్ళేమన్నా అంగడి ఆటోనా అని ఆమె తన కాళ్ళను తానే తిట్టుకునేది.

కొన్నేళ్ళుగా ఇదే వరస. ఆ నొప్పిని ఆమె ఎలాగో ఓర్చుకున్నది. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉన్నది. అది ఆమె నెత్తి మీద, పై అంతస్తులో, చకచకా నడుస్తున్నది.

మెదక్ పట్టణంలో బస్టాండు వెనుక వీధిలో ఉన్న ఆ రెండంతస్తుల ఇల్లు అన్నదమ్ములిద్దరిది. కింది వాటా అన్న దామోదర్ రెడ్డిది, పై వాటా తమ్ముడు అమరేందర్ రెడ్డిది. కుల్చారం వైపు ఉన్న పొలాలను కౌలుకిచ్చి, పట్టణంలో ఎరువుల దుకాణం పెట్టి, ఉమ్మడి మాట చెడకుండా బతికిన కుటుంబం. దుకాణం ఇప్పుడు దామోదర్ రెడ్డి కొడుకు రాకేష్ చూసుకుంటున్నాడు. దామోదర్ రెడ్డి భార్య నిర్మలమ్మ ఆ ఇంటి పెద్ద కోడలు. అమరేందర్ రెడ్డి భార్య కమలమ్మ చిన్న కోడలు, నిర్మలమ్మకు ఏరాలు. పై అంతస్తులో చకచకా నడుస్తున్నది ఈ కమలమ్మే.

విచిత్రమేమిటంటే, నిన్న మొన్నటి దాకా కమలమ్మకూ అదే మడమ నొప్పి. ఇద్దరికీ ఒకే బాధ ఉన్నన్నాళ్ళు ఆ తోడికోడళ్ళ మధ్య ఉన్నంత సఖ్యత ఆ ఇల్లు మునుపెన్నడూ చూడలేదు. పెరట్లో కూర్చొని ఇటుక రాయి వేడి చేసేవారు, దాని మీద జిల్లేడు ఆకులు పరచి చెరొక మడమ ఆనించేవారు. నూనె కాచి ఒకరి కాలికి ఒకరు రాసుకునేవారు. నొప్పి మాత్రలు మింగి కడుపులో మంట పుడితే ఒకే గిన్నెలోని మజ్జిగ ఇద్దరూ తాగేవారు. మొగుళ్ళకు కాళ్ళ నొప్పుల సంగతి అర్థం కాదనే విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

ఆ చెలిమి చెప్పుల దగ్గర తెగింది.

ఎండాకాలం చివరలో కమలమ్మ ఏదో దవాఖానకు పోయి వచ్చి, ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకొని తిరగసాగింది. కూడా పోదామని తనను పిలవలేదన్న ఉక్రోషం నిర్మలమ్మకు అప్పటికే ఉన్నది. పైగా నిర్మలమ్మ ఇంట్లో చెప్పు గడప దాటి లోపలికి వచ్చిన చరిత్ర లేదు. తనకు కూడా ఒక డాక్టరు ఇంట్లో వట్టి కాళ్ళతో తిరగవద్దని లోగడ చెప్పాడు. వంటిల్లనుకున్నాడా, సంత అనుకున్నాడా అని ఆమె మళ్ళీ ఆ డాక్టరు గడప తొక్కలేదు. అటువంటి మనిషి, చుట్టాలంతా ఆడపిల్లలకు ఒడి నింపే ఒడిబియ్యానికి వచ్చిన రోజున, అందరి ముందు నోరు జారింది.

"మా ఏరాలికి కాళ్ళు భూమ్మీద ఆనుతలెవ్వు. వంటింట్ల చెప్పులు, దేవునర్ర ముంగట చెప్పులు. పండుకునేటప్పుడు గూడ ఏసుకుంటదో ఏమో, మా మరిదిని అడగాలె."

ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. కమలమ్మ నవ్వలేదు, కోపగించలేదు. చేతిలోని పళ్ళెం కింద పెట్టి, పసుపు కుంకుమలు అందరికీ పెట్టి, పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుండి కాళ్ళ మాట ఆమె నోట రాలేదు.

వానలు వెనుకబట్టేసరికి కమలమ్మ నడక మారింది. మొదట మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవడం మానేసింది. తరువాత కూరగాయలకు ఆటో మానేసింది. ఆ పైన సాయంత్రం పూట చర్చి దాకా నడిచి పోయి, నడిచి రావడం మొదలు పెట్టింది. ముఖాన చెమట, ఆ చెమట కింద ఒక కళ. వాకిట్లో కుర్చీలో కూర్చున్న నిర్మలమ్మను చూసి, ఎట్లున్నది అక్కా అని అడిగి, జవాబు సగంలో ఉండగానే రెండేసి మెట్లెక్కి పైకి పోయేది. ఆ రెండేసి మెట్లు నిర్మలమ్మ గుండెల మీద ఎక్కినట్టుండేది. కండ్లలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆమెకు అంత వయసు వచ్చాక తెలిసింది. పక్క వీధి మనిషికి నయమైతే మంచిదే అనుకుంటాము. మనతోపాటు ఇటుక మీద మడమ ఆనించిన మనిషికి నయమైతే, అది మన వంతు నయం కూడా కాజేసినట్టే అనిపిస్తుంది.

అటువంటి సమయంలో రాకేష్ కూతురు శ్రేయకు సంబంధం కుదిరింది. వైశాఖంలో పెండ్లి.

ఆ ప్రాంతపు పెండ్లిళ్ళలో ఐరేని కుండలు తేవడం ఒక ముఖ్యమైన తంతు. సున్నంతో, ఎర్రటి జాజుమట్టితో చిత్రించిన కొత్త కుండలను కుమ్మరి ఇంటి వద్ద పూజించి, ఇంటి ముత్తైదువలు నెత్తి మీద పెట్టుకొని, పైన నలుగురు బట్ట పట్టగా, డప్పులతో నడిచి పెండ్లింటికి తెస్తారు. మొదటి కుండ ఇంటి పెద్ద కోడలిది. ఆ కుండ నడిచినట్టే ఊరేగింపు నడుస్తుంది, దానిని దాటి ఎవరూ ముందుకు పోరాదు. కాళ్ళకు చెప్పులుండవు. అత్త పోయిన నాటి నుండి ఆ ఇంట జరిగిన ప్రతి పెండ్లికీ మొదటి కుండ నిర్మలమ్మ నెత్తి మీదనే వచ్చింది. రెండవ కుండ కమలమ్మది. ఇప్పుడు పెండ్లి కూతురు సొంత మనుమరాలు. ఈ కుండ తన నెత్తి మీద రాకపోతే ఇన్నాళ్ళు మోసిన కుండలన్నీ వట్టివేనని నిర్మలమ్మకు తోచింది.

ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు కాని, కోడలు మమత అత్తగారి కాళ్ళ వైపు చూసే చూపులోనే ఆ ప్రశ్న ఉండేది.

ఒకనాటి పొద్దున పెరట్లో పూలు తెంపుతూ నిర్మలమ్మ తల ఎత్తింది. బయటి మెట్ల మీద కమలమ్మ నిలబడి ఉన్నది. మెట్టు అంచున కాలి వేళ్ళు మాత్రం ఆనించి, మడమలు గాలిలో ఉంచి, కమ్మీ మీద ఒక చేయి వేసి, ఉదయిస్తున్న సూర్యునికి ఎదురుగా మెల్లగా పైకి లేస్తున్నది, మెల్లగా కిందికి దిగుతున్నది. పెదవులు కదులుతున్నవి. మరునాడు కూడా అంతే. ఆ మరునాడు కూడా అంతే.

నిర్మలమ్మ అక్కడికక్కడే నిశ్చయించుకున్నది. ఇది మొక్కు. శ్రావణంలో కమలమ్మ ఒక మంగళవారం ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి పోయి వచ్చిన సంగతి ఆమెకు గుర్తుకు వచ్చింది. ఎవరో తెలిసినవాళ్ళు ఒక మంత్రం చెప్పి ఉంటారు, పొద్దున్నే వేళ్ళ మీద నిలబడి సదవమని ఉంటారు. మొక్కు బయట పెడితే ఫలం పోతుంది గనుక కమలమ్మ నోరు మెదపడం లేదు. దవాఖాన, చెప్పులు, ఇవన్నీ పైకి కనబడే వేషాలు. అసలు సంగతి అమ్మవారి దగ్గర ఉన్నది. చిన్న కోడలి మొక్కుకే అమ్మవారు ఇంత ఇచ్చినప్పుడు, పెద్ద కోడలు అంతకన్న పెద్ద మొక్కు మొక్కితే ఎంత ఇవ్వాలి?

కార్తీకం మొదలు ప్రతి మంగళవారం ఏడుపాయలకు పోయి, వట్టి కాళ్ళతో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తానని, నడక ఇస్తే వెండి పాదాలు సమర్పిస్తానని ఆమె మొక్కుకున్నది. మొదటి మంగళవారం మమతను వెంటబెట్టుకొని ఆటో ఎక్కబోతుంటే కమలమ్మ గేటు దగ్గర ఎదురైంది. ఎటు అని అడిగింది. నిర్మలమ్మ కావాలనే గట్టిగా చెప్పింది, అమ్మవారి దగ్గరికి, రాళ్ళ మీద చెప్పులు లేకుండా తిరిగే మొక్కు అని. కమలమ్మ నోరు తెరిచింది. నిర్మలమ్మ కాళ్ళ వైపు చూసింది. తరువాత నోరు మూసుకొని, మంచిది అక్కా, పోయి రా అన్నది.

తన గుట్టు బయటపడ్డందుకు ఏరాలి ముఖం మాడిందని నిర్మలమ్మ దారి పొడుగునా సంబరపడ్డది.

మొదటి వారం నొప్పి కాస్త పెరిగింది. అమ్మవారు పరీక్ష పెడుతున్నదనుకున్నది. రెండవ వారం పళ్ళు బిగపట్టి తిరిగింది. ఆ పై వారం ఆటో ఇంటి ముందు ఆగిన తరువాత ఆమె దిగలేకపోయింది. రాకేష్ ఒక వైపు, ఆటో అతను ఒక వైపు పట్టుకొని లోపలికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మడమ ఉబ్బింది. మోకాలు మడత పడలేదు. పైనుండి మెట్లు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ కమలమ్మను చూసి నిర్మలమ్మ గోడ వైపు తిరిగి పడుకున్నది.

నాలుగు రోజులు గడిచాక భోజనాల దగ్గర దామోదర్ రెడ్డి తీర్పు చెప్పినట్టు చెప్పాడు. ఈసారి కుండ కమల ఎత్తుకుంటుంది, నువ్వు పందిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని చూడు అని. ఆయన మంచికే అన్నాడు. రాకేష్, మమత తలలూపారు. కాని ఆ కుర్చీ అనే మాటకు నిర్మలమ్మ చేతిలోని ముద్దను పళ్ళెంలోనే వదిలేసింది.

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ కమలమ్మ జొన్న గట్క, మజ్జిగ తీసుకొని కిందికి వచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి తిరిగి పోబోతుంటే నిర్మలమ్మ పిలిచింది.

"కమలా, నిజం చెప్పు. నువ్వు ఏం మొక్కుకున్నవ్?"

"మొక్కేంది అక్కా?"

"నా దగ్గర దాయకు. పొద్దుగాల మెట్ల మీద నిలబడి సూర్యునికి మొక్కుతున్నవ్ గద. నోట్ల ఏదో సదువుతున్నవ్. నేను రోజు చూస్తనే ఉన్న."

కమలమ్మ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. ఆ తరువాత నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మంచపు పట్టె మీద కూలబడి, కండ్ల నీళ్ళు తుడుచుకుంటూ అన్నది:

"అది మొక్కు గాదక్కా, కసరత్తు. దవాఖానల లిడియా అని ఒక పిల్ల ఉంటది. పిక్కలు, మడిమెలు సాగుతయని ఆమెనే నేర్పింది. మెల్లగ దించాలె, మెల్లగ లేపాలె. నోట్ల సదివేది లెక్క. ఎన్ని అయినయో మర్చిపోత."

"మరి సూర్యుని దిక్కు ఎందుకు నిలబడుతున్నవ్?"

"మెట్లు గటు దిక్కే ఉన్నయి గద."

నవ్వు ఆగిపోయింది. నిర్మలమ్మ దుప్పటి బయట ఉన్న తన ఉబ్బిన మడమను చూసుకున్నది. ఆ మడమ నుండి మెల్లగా కమలమ్మ ముఖం వైపు చూపు తిప్పింది.

"రాళ్ళ మీద వట్టి కాళ్ళతోని తిరుగుత అని నీకు చెప్పే పోయిన. అట్ల తిరిగితే ఇట్లయితదని నీకు ఎరుకనే."

"ఎరుకనే."

"ఒక్క మాట అనలె."

"అనలె," అన్నది కమలమ్మ. మజ్జిగ గిన్నెను బల్ల మీద కాస్త లోపలికి జరిపింది. "రజని పెండ్లికి గూడ మొదటి కుండ నువ్వే ఎత్తుకున్నవ్ అక్కా. నా కడుపున పుట్టిన బిడ్డ పెండ్లి. నేను నీ ఎన్క నడిచిన. నాకు గూడ ఉంటది గద, ఒక్కపారి ముంగట నడవాల్నని. నువ్వు మంచాన పడుతవని అనుకోలె. కాని ఈసారి నీతోని కాకపోతే మంచిగుండు అని అనుకున్న. అబద్ధం ఎందుకు?"

"చెప్పుల మాట గూడ మనసుల పెట్టుకున్నవ్."

"పెట్టుకోకుంటె ఎట్ల? అంత మందిల నవ్విస్తివి."

అరికాలి మంట నెత్తికెక్కవలసిన సమయమది. నిర్మలమ్మ కూడా దాని కోసమే ఎదురు చూసింది, కాని అది రాలేదు. ఇంట్లో ఎంత వెదికినా దొరకని సామాను పక్కింట్లో కనిపిస్తే మనిషి ఎట్లా నిలబడిపోతాడో అట్లా ఉన్నది ఆమె స్థితి. ఇన్ని నెలలుగా తన లోపల మండుతున్న దానిని ఆమె ఏరాలి ముఖంలో ఆనవాలు పట్టింది. రంగు, రూపు అన్నీ అవే. పైగా అక్కడ అది తన కన్న ఎన్నో ఏళ్ళ ముందు నుండి మండుతున్నది. తాను గేటు దగ్గర కమలమ్మ స్థానంలో ఉంటే, తాను కూడా పోయి రమ్మనే అనేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు గట్క చల్లారేంత సేపు పట్టింది.

ఆ పైన అడగవలసింది మిగిలింది. రాళ్ళ మీద తిరగడం దాని ముందు సులువనిపించింది.

"ఆ పిల్ల దవాఖానల ఏ దినం ఉంటది?" అన్నది నిర్మలమ్మ, గోడతో అన్నట్టు.

లిడియా చిన్న వయసు మనిషి. మాట మెత్తన, పని కరకు. నిర్మలమ్మ పాదాన్ని అటూ ఇటూ వంచి చూసి, అరికాలు కింద బిగిసిన పట్టీ లాంటి నరం ఒకటి ఉంటుందని, అది పాడైందని, బండల మీద వట్టి కాలు పడ్డప్పుడల్లా మానుతున్న చోటే మళ్ళీ చిరుగుతున్నదని చెప్పింది. మోకాళ్ళ సంగతి వేరు. అవి అరిగినవి, కొత్తవి కావు. కాని తొడలకు బలం వస్తే మోకాళ్ళ బరువు తొడలు పంచుకుంటాయి. పూర్తిగా పోతుందా అని నిర్మలమ్మ అడిగింది. పోతుందని తాను మాట ఇవ్వనని, తగ్గుతుందని మాత్రం చెప్పగలనని, కొన్ని రోజులు మళ్ళీ పెరుగుతుందని, ఆ రోజుల్లోనే చాలామంది విడిచిపెడతారని లిడియా జవాబిచ్చింది. పొద్దున మంచం దిగక ముందే తువ్వాలతో పాదాన్ని తన వైపు లాగిపట్టాలి. మంచం దిగితే కాలు పడేది చెప్పులోనే. నేల మీద కూర్చోవడం బంద్.

దేవుని అర్ర సంగతి నిర్మలమ్మే ఎత్తింది. ఇంటి చెప్పులు వేరే పెట్టుకొమ్మని, అవి గడప దాటనివ్వవద్దని, దేవుని ముందు మెత్తటి చాప పరుచుకొమ్మని లిడియా తేల్చింది. ఇంత సులువైన ఉపాయం తనకు తోచనందుకు కాదు, కమలమ్మకు ముందే తెలిసినందుకు నిర్మలమ్మకు ఒళ్ళు మండింది.

కొత్త చెప్పులు వేసుకున్న మొదటి పొద్దు ఆమె తన వంటింట్లో తానే దొంగలా తిరిగింది. దామోదర్ రెడ్డి చూసి, పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మెట్లు దిగుతున్న కమలమ్మ మాత్రం ఊరుకోలేదు. కిటికీలోంచి తొంగి చూసి, "పండుకునేటప్పుడు గూడ ఏసుకుంటున్నవా అక్కా, బావను అడగాల్నా?" అన్నది. నిర్మలమ్మ గరిటెతో పప్పు కలుపుతూ వినిపించుకోనట్టే ఉన్నది. తిరుగు బాకీ చెల్లిందని లోపల ఎక్కడో కొంత తేలికపడ్డది కూడా.

వాపు దిగిన తరువాత ఇద్దరూ ఒకే మెట్ల మీద నిలబడసాగారు. కింది మెట్టు అంచున నిర్మలమ్మ, రెండు మెట్ల పైన కమలమ్మ. చూసేవారికి అది చెలిమిలా కనిపించేది. చెలిమి కాదు. పై మెట్టున ఎన్ని సార్లు లేస్తున్నారో కింది మెట్టున పెదవులు లెక్క పెట్టేవి, ఇంకో రెండు కలిపేవి. ఆ పోటీలో ఒకనాడు నిర్మలమ్మ పిక్క పట్టేసి వారం రోజులు మళ్ళీ మంచం ఎక్కించింది. లిడియా మందలించింది. మీ మడమకు పక్కవాళ్ళ మడమతో చుట్టరికం లేదమ్మా అన్నది. కమలమ్మకు అంత త్వరగా ఎట్లా తగ్గిందని నిర్మలమ్మ నిలదీస్తే, ఆమె నా దగ్గరికి త్వరగా వచ్చింది కాబట్టి అని లిడియా చెప్పింది.

ఆ మాట నిర్మలమ్మకు ముల్లులా దిగింది, కాని పని చేసింది. అప్పటి నుండి చెప్పినంతే చేసింది. నొప్పి వచ్చిన రోజు రానిచ్చింది. నీళ్ళ సీసా గడ్డకట్టించి దాని మీద అరికాలు దొర్లించింది. కుర్చీలో కూర్చొని కాలు చాపి, పది లెక్కపెట్టేంత సేపు గాలిలో నిలిపింది. ఉగాది నాటికి పొద్దున మడమలో దిగే మేకు ముల్లైంది. శ్రీరామనవమికి ఆ ముల్లు కూడా అన్ని పొద్దులు రావడం మానింది. మోకాళ్ళు మాత్రం వాన రాబోయే ముందు, మెట్లు దిగేటప్పుడు తాము ఉన్నామని చెబుతూనే ఉన్నవి. ఒకనాటి సాయంత్రం ఆమె చర్చి ప్రహరీ దాకా నడిచి, అక్కడ అరుగు మీద కూర్చొని, మళ్ళీ నడిచి వచ్చింది. కమలమ్మ అదే దూరం పోయి వచ్చి అప్పటికే స్నానం చేసి ఉన్నది.

పెండ్లికి కొద్ది రోజుల ముందు నిర్మలమ్మ కుండ తానే ఎత్తుకుంటానని ఇంట్లో ప్రకటించింది. దామోదర్ రెడ్డి లిడియాను అడుగమన్నాడు. కుండ బరువు పరవాలేదు, దూరమూ పరవాలేదు, వైశాఖపు రోడ్డు మీద వట్టి కాళ్ళతో మాత్రం వద్దన్నది లిడియా. ఆ సంగతి నిర్మలమ్మ ఎవరికీ చెప్పలేదు. మొదటి కుండ మళ్ళీ అక్కదే అని తెలిసిన రోజున పైన కమలమ్మ నడక చాలా సేపు ఆగలేదు.

పెండ్లి నాటి పొద్దున ఆడవాళ్ళంతా కుమ్మరి ఎల్లం ఇంటికి చేరారు. చెప్పులన్నీ గేటు బయట గుట్టగా పడ్డవి. ఎల్లం భార్య యాదవ్వ కుండలకు పసుపు కుంకుమలు పెట్టి, నిర్మలమ్మ నెత్తి మీద బట్ట చుట్టి, దాని మీద మొదటి కుండ నిలిపింది. రెండవ కుండ కమలమ్మ నెత్తికి ఎక్కింది. నలుగురు పైన బట్ట పట్టారు. డప్పు మోగింది. గేటు దాటగానే నిర్మలమ్మ ఆగి, మమత భుజం పట్టుకొని, తన చెప్పులలో ఒక కాలు పెట్టింది. తరువాత రెండవ కాలు పెట్టింది.

నిజాంపేట నుండి వచ్చిన మేనత్త ఒకామె, ఐరేని కుండ ఎత్తుకొని చెప్పులేసుకున్నోళ్ళను పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నది. అందరి కండ్లు కమలమ్మ మీద పడ్డవి. ఒడిబియ్యం నాటి నవ్వు ఎవరూ మరచిపోలేదు.

"ఏసుకోనియ్యుండ్రి," అన్నది కమలమ్మ. "కుండ ఉన్నది నెత్తి మీద. కాళ్ళకు ఏముంటె ఏంది?"

ఆ మాట అని, తన చెప్పులను గుట్టలోనే వదిలి, పసుపు రాసిన వట్టి పాదాలతో రోడ్డు మీద అడుగు పెట్టింది. అమ్మలక్కలు మెచ్చుకోలుగా ముక్కున వేలేసుకున్నారు. నిర్మలమ్మకు కుండ కింద తల తిరిగింది. నోటితో వెనకేసుకొచ్చి, కాళ్ళతో ఓడించింది. మొదటి కుండ తనదే, కాని చూపులన్నీ రెండవ కుండ కింది పాదాల మీద ఉన్నవి.

ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. సిమెంటు రోడ్డు పెనంలా ఉన్నది. సగం దారిలో వీధి మలుపు వచ్చింది. కుండతో మెడ తిప్పరాదు గనుక నిర్మలమ్మ ఒళ్ళంతా తిప్పి మలుపు తీసుకున్నది. అప్పుడు కనిపించింది. కమలమ్మ ముఖాన నవ్వు ఉన్నది, కాలు మాత్రం మడమ ఆనించడం లేదు. పాదపు బయటి అంచు మీద అడుగు వేస్తున్నది. ఆ అడుగు ఎటువంటిదో నిర్మలమ్మకు తెలియకపోతే ఈ లోకంలో ఎవరికి తెలియాలి?

నిర్మలమ్మ అడుగు జోరందుకున్నది. ఆమె ఆ పని చేయాలనుకొని చేయలేదు, కాళ్ళే చేసినవి. మొదటి కుండ ఎంత వడిగా పోతే రెండవ కుండ అంత వడిగా రావలసిందే. నిలవడానికి లేదు, దాటడానికి లేదు. డప్పులవాళ్ళు ఉత్సాహపడి దరువు పెంచారు. మెత్తటి చెప్పులలో తన పాదాలు హాయిగా పడుతున్నవి. వెనుక ఊపిరి బుసబుసమంటున్నది. చాలా కాలం తరువాత నిర్మలమ్మకు ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఇట్లాగే పందిరి దాకా పోతే చాలు. రేపటి నుండి మంచం పట్టుకొని, గోడ పట్టుకొని, తలుపు రెక్క పట్టుకొని నడిచే వంతు పై అంతస్తుది. తాను ఏ తప్పూ చేసినట్టు కాదు. ఒక్క మాట అనకుండా ఉంటే సరిపోతుంది.

ఒక్క మాట అనకుండా ఉండడం ఎంత పని చేస్తుందో ఆమె కాలికి తెలుసు.

నిర్మలమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. డప్పు నిలిచింది. ఏమైందని మమత పరుగెత్తి వచ్చింది.

"మోకాలు పట్టుకున్నది. జెర ఆగుండ్రి," అని అందరికీ వినబడేటట్టు అన్నది. తరువాత గొంతు తగ్గించి మమతతో, ఎల్లం గేటు దగ్గర చిన్నత్త చెప్పులున్నవి, ఎవరికీ చెప్పకుండా పట్టుకురమ్మన్నది.

మమత వచ్చే దాకా ఊరేగింపు వేప చెట్టు నీడన నిలబడ్డది. వెనుక గుసగుసలు ఆమె చెవిన పడుతూనే ఉన్నవి. చెప్పులేసుకున్నా చాతగాలేదు చూడు అన్నారెవరో. కుర్చీల కూసోమంటె ఇనకపాయె అన్నది నిజాంపేట మేనత్త. చిన్నామె నయం, వట్టి కాళ్ళతోనే నిమ్మళంగ నడుస్తున్నది అన్నారు ఇంకొకరు. నెత్తి మీది కుండ కన్న ఆ మాటే బరువుగా ఉన్నది. తిప్పి కొట్టడానికి ఆమె నాలుక చివర జవాబు సిద్ధంగా ఉన్నది. నిర్మలమ్మ దానిని మింగింది. మింగడం చేదుగానే ఉన్నది.

మమత చెప్పులు తెచ్చి, చీర కుచ్చిళ్ళ మాటున కమలమ్మ పాదాల ముందు పెట్టింది.

కమలమ్మ వాటిని చూసింది. ఒక అడుగు ముందుకు జరిగి, అక్కకు మాత్రమే వినబడేటట్టు అన్నది. "నీ మోకాలికి ఏం గాలె."

"నోరు మూసుకొని తొడుక్కో. పెండ్లి తెల్లారి నువ్వు మంచం ఎక్కితే నీ పని గూడ నేనే చెయ్యాలె."

కమలమ్మ ఒక కాలు పెట్టింది, ఆగింది, రెండవది పెట్టింది. మడమ ఆనగానే ఆమె నోట ఒక చిన్న నిట్టూర్పు వచ్చింది. డప్పు మళ్ళీ అందుకున్నది.

"జెర మెల్లగ నడువు అక్కా."

"మొదటి కుండ నాది. నా ఇష్టమొచ్చినట్టు నడుస్త," అన్నది నిర్మలమ్మ.

అని, మెల్లగానే నడిచింది.